తెల్ల కారుకి గచ్చకాయ అంచు

మా కారు చక్రాలకి తుప్పు పట్టిన సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు, మా మావయ్యగారు. అదీ చూసి కాదు, తడిమి. తెనాలిలో ఆయన చీరల కొట్టు ముందు కారు ఆపి దిగానో లేదో, ఆయన మెట్లు దిగి వచ్చి బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. ముందు చక్రం దగ్గర వంగి, రిమ్ము మీద బొటనవేలూ చూపుడువేలూ ఆనించి, నేతచీర పోగు చూసినట్టు అటూ ఇటూ రుద్దారు. వేళ్ళకి ఎర్రటి పొడి అంటుకుంది.

"సముద్రం గాలి బాబూ," అన్నారు. "మీ బాపట్లలో బీరువాలో పెట్టిన జరీచీరే నల్లబడిపోద్ది. ఇనుమెంతండీ పాపం."

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి దిగుతున్న రోజులవి. నేను బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. సొంత ఊరు రేపల్లె. అక్కడ మా అమ్మ హైస్కూల్లో తెలుగు చెబుతూ, మిగతా వేళల్లో ఊళ్ళో వాళ్ళ తప్పులు దిద్దుతూ ఉండేది. అత్తవారిది తెనాలి. ఈ మూడూళ్ళ మధ్యా బస్సులెక్కి దిగీ విసుగెత్తి ఒక పాత కారు కొన్నాను. చిన్నది, తెల్లది. అమ్మినాయన ప్రతి ఆదివారం దాన్ని సూర్యలంక సముద్రపు ఇసుకలోకి దించి పిల్లల్ని ఆడించేవాడని కొన్న తర్వాత తెలిసింది. పైన తళతళలాడుతూనే ఉండేది గాని, కింద రిమ్ములు మాత్రం నూతిలో పడి తీసిన చేదల్లా తయారయ్యాయి.

నాకో జబ్బుంది. నా వస్తువు విషయంలో ఇంకొకరు సలహా చెబితే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పెన్నులో ఏ సిరా పొయ్యాలో చెప్పినా సరే. కానీ మావయ్యగారి దగ్గర ఆ మంట రాజుకునేది కాదు. నన్ను అల్లుణ్ణి చేసుకున్న దగ్గర్నించీ ఆయన నా ఎదుట కుర్చీలో వెనక్కి వాలి ఎరగరు. నేను ఆయన ఎదుట గట్టిగా తుమ్మి ఎరగను. మా ఇద్దరి సంభాషణంతా "మీ ఇష్టం", "అయ్యో, మీ ఇష్టమేనండి" అన్న రెండు ముక్కల మీదే నడిచేది. చివరికి ఆ మర్యాదే మా కొంప ముంచింది.

"రిమ్ములకి రంగు వేయించేస్తానండి. కంపెనీవాడు వేసిన వెండి రంగే," అన్నాను.

ఆయన ముఖం కాస్త ముడుచుకుంది. "వెండి రంగు మంచిదే, కాదన్ను. కానీ తెల్లచీరకి వెండి అంచు వేస్తే చీరేదో అంచేదో తెలీదు బాబూ. బండికి చక్రాలే అంచు. అంచు కనపడాలి. మరీ కొట్టొచ్చినట్టు కాకుండా, పెద్దమనిషి తరహాగా."

"ఏ రంగంటారు?"

"గచ్చకాయ," అన్నారాయన, కళ్ళు సగం మూసి, ఆ రంగుని లోపలెక్కడో చూస్తున్నట్టు.

గచ్చకాయ రంగంటే చీరలు కట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు. బూడిద రంగే గాని నిగారింపున్న బూడిద రంగు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది. నచ్చినా కూడా ఆయన చెప్పారు గనక నచ్చకూడదనుకున్నాను. ఈలోగా ఆయన "బండి ఇక్కడ వదిలెళ్ళండి, నేను దగ్గరుండి చేయిస్తాను" అనడం, నేను "మీకెందుకండీ శ్రమ" అనడం, ఆయన "ఇందులో శ్రమేముందండీ" అనడం అయిపోయాయి. తాళాలు ఆయన చేతిలో పెట్టి, పుట్టింట్లో ఇంకో వారం ఉంటానన్న మా ఆవిణ్ణి అక్కడే వదిలి, రైలెక్కి బాపట్ల పోయాను.

రంగుల విషయంలో తెనాలిలో మా మావయ్యగారి మాటకి తిరుగులేదు. చీరకి నప్పే జాకెట్టు గుడ్డ దొరక్కపోతే ఆడవాళ్ళు ఆయన కొట్టుకొచ్చేవాళ్ళు. చీర ఆయన కొట్లో కొన్నది కాకపోయినా వచ్చేవాళ్ళు. ఆయన దాన్ని గుమ్మం బయటికి తెచ్చి, ఎండలో పట్టుకుని, ఏ వీధిలో ఏ కొట్లో అడగాలో చెప్పి పంపేవారు. చీరాల వైపు మగ్గాలవాళ్ళు ఆయన ఫోన్లో చెప్పిన మాట మీద నూలు రంగులో ముంచేవాళ్ళు. "మామిడి చిగురే గాని కాస్త నలుపు దించు" అంటే చాలు, అదేంటో వాళ్ళకి తెలిసేది.

వారం తిరిగాక బండి కోసం వెళ్ళాను. కాలవ గట్టు మీద రేకుల షెడ్డులో ఉంది. పెయింటరు, మావయ్యగారు, అత్తయ్యగారు, మా ఆవిడ, అందరూ అక్కడే నిలబడి ఉన్నారు. చక్రాలు అంతకు కాసేపటి ముందే బిగించారట. పెయింటరు వాటిని ఊడదీసి, తీగ బ్రష్షుతో తుప్పు గీకి, ఉప్పుకాగితంతో నునుపు తేలేదాకా రుద్ది, టైర్లకి రంగు అంటకుండా గ్రీజు పూసి, ప్రైమరు వేసి, ఆ పైన స్ప్రే గన్నుతో రంగు కొట్టాడు. రంగు కారిన చార ఒక్కటి లేదు, ఒక్క బుడగ లేదు. పనికి వంక పెట్టడానికి లేదు.

రంగు మాత్రం వంగపువ్వు రంగు. వంకాయ మొక్కకి పూసే పువ్వు రంగు. అదీ వాన వెలిశాక ఎండ పడ్డప్పుడు ఎలా ఉంటుందో అలా.

నేను అటు చూశాను. ఇటు చూశాను. ఇంకెవరి బండో అయి ఉంటుందన్న ఆశతో నంబరు చూశాను. నాదే.

"ఎలా ఉందంటారు బాబూ, గచ్చకాయ?" అన్నారు మావయ్యగారు, చేతులు వెనక్కి కట్టుకుని.

నోరు తెరిచాను. ఆయన వెనకాల అత్తయ్యగారు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతున్నారు. వద్దు, వద్దు అన్నట్టు. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. ఆ గిల్లుడుకి నా నోట్లోంచి "అద్భుతంగా ఉందండి" అన్న మాట ఊడిపడింది.

"గచ్చకాయంటే ఇదీ," అని ఆయన పెయింటరు వైపు తిరిగి తలూపారు.

ఆయన కొబ్బరికాయ కోసం అటు వెళ్ళగానే పెయింటర్ని పక్కకి లాగాను. "ఏంటయ్యా ఇది?"

"నన్నేం చెయ్యమంటారండీ? షావుకారుగారు రంగుల కార్డు ఎండలోకి తీసుకెళ్ళి మరీ చూశారు. ఇదేనాండీ అని నేను అడిగానండి. నువ్వు పుట్టకముందు నుంచీ రంగులమ్ముతున్నా, నువ్వు నాకు చెబుతావా అన్నారు. ఆయనంతటాయన ఇది గచ్చకాయంటే, నాకే తెలీదేమో అనుకున్నానండి. మా ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి కూడా అడిగాను, గచ్చకాయంటే ఏ రంగే అని."

ఇంతలో అత్తయ్యగారు పసుపూ కుంకుమా తెచ్చి నాలుగు చక్రాలకీ బొట్లు పెట్టారు. వంగపువ్వు మీద పసుపు, పసుపు మీద కుంకుమ. కాలవ అవతల గట్టు మీద నడిచిపోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. నిమ్మకాయలు తొక్కించి, బండి బాపట్ల దారి పట్టించాను.

పొన్నూరులో రైల్వే గేటు పడింది. పక్కన ఆగిన ఆటోలో జనం కిందికి వంగి మరీ చూస్తున్నారు. నేను అద్దం పైకెత్తి, అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా మా ఆవిడ మీద కక్కాను. "మీ నాన్నగారికి నా మీద కోపముంటే నాలుగు మాటలనొచ్చుగా? ఇలా నా మొహాన రంగు పొయ్యడం ఎందుకు?"

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "నాన్నకి కనపడట్లేదండి."

అప్పుడు చెప్పింది. రెండు కళ్ళకీ శుక్లాలు ముసురుకుంటున్నాయి. దారీ మనుషులూ బాగానే తెలుస్తాయి. రంగులే తేడా పడిపోయాయి. ఆయన మాత్రం ఒప్పుకోరు. ఈ మధ్య అద్దకాలు చెడిపోయాయంటారు. మగ్గాలవాళ్ళు మాయ చేస్తున్నారంటారు. వోల్టేజి లేదని కొట్లో ట్యూబులైట్లన్నీ మార్పించారు. అత్తయ్యగారు వంటిల్లు వదిలి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది ఆ గొడవలోనే. గిరాకీ వచ్చి ఫలానా రంగు అడిగితే, ఆయన లేచేలోపల తనే తీసి ఇచ్చేస్తారు. ఆయన ఏదన్నా తప్పు రంగు తీస్తే, "అది వద్దులెండి, దానికి మరక పడింది" అంటారు.

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళచ్చుగా?"

"అమ్మ ఒకసారి ఆ మాటంటే రెండు పూటలు అన్నం ముట్టలేదు. వెనకెప్పుడో ఆయన సాటి షావుకారొకాయన ఆపరేషన్ చేయించుకుని సోడాబుడ్డి కళ్ళద్దాలతో కొట్లో కూర్చుంటే, గిరాకీ అంతా పక్క కొట్టుకి పోయిందట. మా నాన్నకి కళ్ళు పోయాయని చీరాల వైపు తెలిస్తే, ఆయన మాట మీద నూలు ముంచేవాడుంటాడాండీ? ఆయనకి ఇంకేముంది చెప్పండి, ఆ మాట తప్ప?" గేటు లేచింది. వెనక లారీ హారన్ కొడుతోంది. "మీరు నోరు విప్పితే నా మీద ఒట్టే," అంది.

ఇంకేం చేస్తాను? వంగపువ్వు చక్రాలతో బాపట్లలోకి ప్రవేశించాను.

సోమవారం క్లాసులో కాంతి పాఠం. అది నా ఖర్మ. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, బుద్ధిమంతుడి ముఖం పెట్టుకుని, "సార్, వయొలెట్ వేవ్‌లెంగ్త్ ఎంతండీ?" అని అడిగాడు. చెప్పాను. మర్నాడు ఇంకో సెక్షన్లో ఇంకొకడు అదే ప్రశ్న అడిగాడు. ఆ వారమంతా కాలేజీలో ఆ ఒక్క రంగు మీదే పిల్లలకి ఎక్కడలేని జ్ఞానతృష్ణ పుట్టుకొచ్చింది. స్టాఫ్ రూములో మా హిందీ మాస్టారు, ఏదన్నా మొక్కుబడా అని నెమ్మదిగా అడిగారు. అవునన్నాను. పిట్టలవానిపాలెం మీదుగా వెళ్ళే బస్సు డ్రైవరు నా బండి కనపడితే చాలు, ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొట్టి చెయ్యి ఊపేవాడు. అంతకుముందు ఆయనకి నేనెవరో తెలీదు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది రేపల్లెలో జరిగింది.

మా అమ్మ బడి నుంచి వస్తూ వీధి మొదట్లోనే కారు చూసింది. గుమ్మంలోకి రాకుండానే, "ఏంట్రా ఈ వేషం? బండిని పెళ్ళికూతుర్ని చేశావా? ఎవడిచ్చాడ్రా నీకీ సలహా?" అంది.

నేను గుటకలు మింగుతుంటే, మా ఆవిడ లోపల్నించి వచ్చి, "నాకు నచ్చి నేనే వేయించానత్తయ్యా," అంది.

మా అమ్మ ఆమెని పైనించి కిందికి చూసింది. "నీకు నచ్చిందా? బట్టల కొట్టు పిల్లవి గదా, ఇంకేం రాకపోయినా రంగులన్నా తెలుస్తాయనుకున్నానే అమ్మా!"

మా ఆవిడ మాటకి మాట అప్పజెప్పకుండా ఊరుకునే మనిషి కాదు. నాకా సంగతి బాగా తెలుసు. అలాంటిది ఆ రోజు తలొంచుకుని లోపలికి పోయింది. తన తండ్రి కన్ను పోయిందని చెప్పలేక, తనకే కన్ను లేదనిపించుకుంది. అక్కడితో అయిపోయిందా అంటే లేదు. మా అమ్మకి ఒక విషయం దొరికితే దాని ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు అన్నీ చెబితే గాని వదలదు. ఎప్పుడు వెళ్ళినా వీధిలోంచే మొదలు. చుట్టాలొస్తే వాళ్ళని కారు దగ్గరికి తీసుకెళ్ళి మరీ "మా కోడలి టేస్టు" అని చూపించేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకటి రెండుసార్లు నిజం గొంతు దాకా వచ్చింది. అప్పుడల్లా మా ఆవిడ నా వైపు చూసేది. ఆ చూపుకి మళ్ళీ మింగేసేవాణ్ణి.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మావయ్యగారు ఆ చక్రాలు గచ్చకాయ రంగులో ఉన్నాయనుకుంటున్నారు. నిజంగానే గచ్చకాయ రంగు వేయించేస్తే? ఆయన అనుకున్నదే నిజమైపోతుంది. మా అమ్మ నోరు మూతపడుతుంది. పిల్లలకి వేవ్‌లెంగ్తుల గోల వదిలిపోతుంది. ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పక్కర్లేదు. సగం గడ్డంతో లేచి నిలబడబోతే మంగలి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

మా ఆవిడతో చెబితే, "వినడానికి బానే ఉంది," అని అనుమానంగా తలూపింది.

బాపట్లలోనే ఒక పెయింటర్ని పట్టుకుని, గచ్చకాయ రంగు జాకెట్టు గుడ్డ ముక్క చేతికిచ్చి, సరిగ్గా ఇదే కావాలన్నాను. అచ్చంగా అదే వేశాడు. బండి చూడ్డానికి ఎంత హాయిగా ఉందంటే, మొదట్లో ఆయన చెప్పింది ఎంత నిజమో అప్పుడు అర్థమైంది. తెల్ల బండికి ఆ అంచు నిండుగా నిలబడింది. రేపల్లెలో మా అమ్మ చూసి, "హమ్మయ్య, ఇప్పటికి నీ పెళ్ళానికి బుద్ధొచ్చింది," అంది. ఆ మాట కూడా మా ఆవిడ ఖాతాలోనే పడింది.

ఆ హుషారులో ఆదివారం పొద్దున్నే తెనాలి వెళ్ళి, కొట్టు ముందు కారు ఆపాను.

మావయ్యగారు మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయారు. కళ్ళు చికిలించి చక్రాలకేసి చూశారు. ఆయన ముఖంలో నవ్వు నెమ్మదిగా ఆరిపోయింది.

"రంగు మార్పించేశారా అల్లుడుగారూ?" అన్నారు.

ఎప్పుడూ 'బాబూ' అనే మనిషి 'అల్లుడుగారూ' అనేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. "లేదండీ, అదే రంగు. కాస్త మాసిందని మళ్ళీ..."

"అది గచ్చకాయ. ఇది బురద రంగు. వరిచేలో దిగబడ్డట్టుంది బండి," అన్నారాయన. "మీ బండి, మీ ఇష్టం. నచ్చకపోతే ఆ రోజే చెప్పాల్సింది. పెద్దవాణ్ణి, ఏదో నోరు జారి చెప్పాను."

కాంతి పాఠం చెప్పేవాణ్ణి, నాకు తట్టని సంగతి అది. మసకబారిన కన్ను ముందుగా మింగేసేది నీలాన్నీ వంగపువ్వునీ. అందుకే వంగపువ్వు ఆయనకి బూడిదలా కనపడింది. మరి బూడిద రంగులోంచి నీలం తీసేస్తే మిగిలేది బురదే. పుస్తకంలో ఉన్న సంగతే. నాకు ఆ మెట్ల కింద నిలబడి ఉండగా గుర్తొచ్చింది.

"ఇది గచ్చకాయేనండీ మావయ్యగారూ," అన్నాను, వేరే దారి లేక.

"రంగు నాకు చెబుతారా మీరు?" ఆయన గొంతు మొదటిసారి నా మీద లేచింది. పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు. "ఏమేవ్, నీ గచ్చకాయ చీర పట్రా. అల్లుడుగారికి చూపిస్తాను."

అది అత్తయ్యగారికి ఆయన మొదటిసారి తన సొంత ఆలోచనతో నేయించిన చీర. గచ్చకాయ ఒళ్ళు, మెరూన్ అంచు. ఇల్లు కొట్టు వెనకాలే. అత్తయ్యగారు లోపలికి వెళ్ళి చాలాసేపటికి ఒక చీర తెచ్చి ఇచ్చారు. అది వంగపువ్వు రంగు చీర. ఆవిడ సమయస్ఫూర్తికి నేను లోపల దండం పెట్టుకున్నాను. కానీ మావయ్యగారు దాని అంచు మీద ఒక్కసారి వేలు పోనిచ్చి, "ఇది కాదే. దీని అంచు పలచన," అని పక్కన పడేశారు. తనే లోపలికి వెళ్ళి, బీరువాలో చేత్తో తడిమి, అసలు చీర తీసుకొచ్చారు.

ఆయన వృత్తిలో రంగు తేలాలంటే ఒకటే పద్ధతి. రెండూ పక్కపక్కన ఆనించి ఎండలో పెట్టాలి. కలిసే చోట గీత కనపడితే తేడా ఉన్నట్టు. ఆయన చక్రం ముందు గొంతుక్కూర్చున్నారు. చీర కుచ్చెళ్ళ భాగం విప్పి, రిమ్ము మీద పరిచి, నున్నగా అదిమారు. గీత లేదు. చీర ఎక్కడ ఆగిందో చక్రం ఎక్కడ మొదలైందో తెలీకుండా కలిసిపోయాయి.

ఆయన చీరని కొంచెం జరిపారు. ఇంకోవైపు ఆనించారు. వెనక్కి వంగి చూశారు, దగ్గరికి వంగి చూశారు.

"ఇదీ బురదగానే ఉందే," అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత తల తిప్పకుండానే, "ఏమేవ్, ఈ చీర వెలిసిందా?"

అత్తయ్యగారు మెట్టు మీద నిలబడి ఉన్నారు. ఎన్నిసార్లు మరక పడిందని, దుమ్ము పట్టిందని, ఎలుక కొట్టిందని చెప్పారో ఆవిడ. ఆ రోజు మాత్రం, "వెలవలేదండీ. అలాగే ఉంది," అన్నారు.

ఆయన రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయారు. చీర చేతిలోంచి జారి టైరు మీద పడింది. ఎందుకొచ్చిన తెలివితేటలు నాకు అనిపించింది. వంగపువ్వుతో జీవితాంతం తిరిగినా పోయేది కాదు.

చక్రం మీద వేలు ఆనించి ఆయన అడిగారు. "మొన్నటిదాకా ఉన్నది ఏం రంగు బాబూ?"

"వంగపువ్వండీ."

"లేతదా, ముదురుదా?"

"కొట్టొచ్చినట్టుండేదండీ."

"దాంతో కాలేజీకెళ్ళారా?"

"వెళ్ళానండీ."

"రేపల్లె?"

"వెళ్ళామండీ."

ఆయన మా ఆవిడ వైపు తిరిగారు. ఆమె ఏడుస్తోంది. "మీ అత్తగారు ఏమందే?" అని అడిగారు. ఆమె చెప్పలేదు. నేనే చెప్పాను. ఇక దాచడానికి నా దగ్గర ఓపిక లేదు. 'బట్టల కొట్టు పిల్లవి' అన్న మాటతో సహా చెప్పాను. ఆయన లేచి, చీర దులిపి, ఎప్పట్లాగే మడత మీద మడత వేసి అత్తయ్యగారి చేతికిచ్చారు. "గుంటూరులో కళ్ళ డాక్టరెవరో కనుక్కోండి," అన్నారు.

ఆపరేషన్లు ఒకదాని తర్వాత ఒకటి రెండూ బాగా జరిగాయి. ఆయన భయపడ్డ సోడాబుడ్డి అద్దాలు రాలేదు, కన్నులోపలే అద్దం పెట్టేశారు. నల్ల కళ్ళజోడు తీయొచ్చన్న రోజున కొట్టుకి వచ్చి, అలమరల ముందు చాలాసేపు నిలబడి, "అద్దకాలన్నీ ఇంత తొందరగా బాగుపడ్డాయేంటే!" అన్నారు. అందరం నవ్వాం, ఆయనే ముందు నవ్వారు. చీరాల వైపు మగ్గాలాయనకి తనే ఫోను చేసి సంగతంతా చెప్పారు. అవతలాయన, "మాకు తెలుసులెండి. మీరు ఫోను పెట్టేశాక అమ్మగారు మళ్ళీ చేసి, ఆయన మర్చిపోయి అలా చెప్పారు, అసలు రంగిదీ అనేవారండి," అన్నాడట. మావయ్యగారు ఫోను పెట్టేసి అత్తయ్యగారి వైపు చూసిన చూపు నేను చూశాను. పెళ్ళయి అన్నేళ్ళయిన మనిషిని కొత్తగా చూసినట్టు చూశారు.

తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆ వంగపువ్వు ఇంకెక్కడన్నా మిగిలిందా బాబూ?" అన్నారు.

మిగిలింది. తెనాలి పెయింటరు స్టెప్నీకి కూడా శ్రద్ధగా వేశాడు. నేను రెండోసారి రంగు వేయించినప్పుడు నాలుగు చక్రాల మీదే నా ధ్యాస, డిక్కీలోది మర్చిపోయాను. డిక్కీ తెరిచాను. ఆయన దాన్ని కళ్ళారా చూశారు. డిక్కీ తనే మూసి, ముందు సీట్లో ఎక్కి కూర్చుని, "రేపల్లె పోనివ్వండి," అన్నారు. మా ఆవిడ వెనక ఎక్కింది.

ఆడపిల్ల తండ్రి వియ్యపురాలి ముందు తన తప్పు ఒప్పుకోవడమంటే మా వైపు మాటలు కాదు. దారంతా ఆయన ఉత్తరీయం సర్దుకుంటూనే ఉన్నారు. మా అమ్మ ఎదురొచ్చి, "రండి రండి అన్నయ్యగారూ, కళ్ళెలా ఉన్నాయి?" అంటుంటే, ఆయన లోపలికి రాలేదు. "ఒక్కసారి ఇలా రండి చెల్లెమ్మగారూ," అని కారు వెనక్కి తీసుకెళ్ళి, డిక్కీ తెరిపించారు.

"ఈ రంగు మా అమ్మాయి పెట్టింది కాదండి. నేను పెట్టింది. నాకు కళ్ళు కనపడక పెట్టాను. అది బయటపెట్టడం ఇష్టం లేక మా అమ్మాయి మీ దగ్గర మాట పడింది. దానికి రంగులు తెలుసండి. నాకన్నా బాగా తెలుసు."

మా అమ్మకి జీవితంలో మొదటిసారి మాట దొరకలేదు. దొరగ్గానే నా మీద పడింది. "పెళ్ళాన్ని నేను అన్నన్ని మాటలంటుంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకు కూర్చున్నావట్రా?" అని అరిచింది. తర్వాత కోడలి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని అలాగే పట్టుకుని నిలబడింది. మా ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలీనట్టు నిలబడింది. మావయ్యగారు ఇంకా డిక్కీ దగ్గరే తలొంచుకుని ఉన్నారు. నాకు ఆయన మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆయన్ని అలా చూసి మా అమ్మ కరిగిపోయింది. స్టెప్నీ వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకుని, "అయినా అన్నయ్యగారూ, రంగు మరీ అంత చెడ్డగా ఏం లేదు లెండి," అంది.

"ఉందండి చెల్లెమ్మగారూ," అన్నారు మావయ్యగారు తలెత్తి. "ఇప్పుడు నాకు కనపడుతోంది."